కళ్ళకద్దుకున్న బియ్యం

ముదిగొండ దగ్గర ఆ ఊళ్ళో శ్రీరామనవమి తలంబ్రాల బియ్యాన్ని మరలో ఆడించరు, రోకలితో దంచరు. గోటితో ఒలుస్తారు. వడ్లగింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, కొన దగ్గర గోరు దించి, పొట్టు విడదీసి, లోపలి గింజ విరగకుండా తీస్తారు. విరిగితే అది నూకల్లోకి పోతుంది, దేవుడికి పోదు. ఒలిచేవాళ్ళు స్నానం చేసి కూర్చోవాలి. నవమి దాకా మాంసం ముట్టకూడదు. నోట్లో రామనామమే ఉండాలి, ఊరి కబుర్లు ఉండకూడదు. ఒలిచిన బియ్యాన్ని మూటలు కట్టి, ఆడవాళ్ళంతా ఒక వ్యాన్ మాట్లాడుకుని భద్రాచలం వెళ్ళి ఇచ్చి వస్తారు.

ఊళ్ళో ఈ పని మొదలుపెట్టింది పద్మావతమ్మ. ఆమె అత్తింటివాళ్ళు కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్నారు. వచ్చిన కొత్తలో ఊరివాళ్ళు వాళ్ళను పరాయివాళ్ళలాగే చూశారు. ఈ తలంబ్రాల పని పెట్టాకే నాలుగిళ్ళ ఆడవాళ్ళు ఆమె గడప తొక్కారు. అందుకని ఆమెకు ఇది దేవుడి పనీ, ఇంటి పరువూ కూడా.

ఈ ఏడాది ఆమె వేళ్ళ కీళ్ళు వాచాయి. గోరు దించితే కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. తన వాటా వడ్లను కూడా కోడలికి అప్పగించింది. కోడలు రాజ్యశ్రీ ఖమ్మంలో ఒక డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతుంది. పుట్టిల్లు మధిర వైపు. వడ్ల బేసిన్ అందుకుని, "మీరు విశ్రాంతి తీసుకోండి అత్తయ్యా, నేను చూసుకుంటాను" అంది. ఆ మాట మనస్ఫూర్తిగానే అంది.

అదే వారం ఆమెకు ఖమ్మంలో జరిగే ఒక సాహిత్య సభ నుంచి పిలుపు వచ్చింది. విషయం: సాహిత్యంలో, మతంలో, సంస్కృతిలో సంప్రదాయం. ఆమె పత్రం సమర్పించాలి. కాలేజీ నుంచి రాగానే లాప్‌టాప్ ముందు కూర్చునేది. బేసిన్ పక్కనే ఉండేది. ఒక ఆదివారం పొద్దున కూర్చుని గుప్పెడు గింజలు ఒలిచింది. గోరు కింద చర్మం లేచి రక్తం కనబడింది. మళ్ళీ ఆ బేసిన్ జోలికి పోలేదు.

"ఎంతవరకు వచ్చిందమ్మా?" అని పద్మావతమ్మ అడిగింది.

"అవుతోంది అత్తయ్యా. తెల్లారగట్ల లేచి ఒలుస్తున్నాను" అంది రాజ్యశ్రీ.

ఇంటి వెనక వాళ్ళ మిరపతోట. కాయ ఏరడానికి ఏటా టేకులపల్లి అవతలి అడవి పల్లెల నుంచి కోయవాళ్ళు వస్తారు. తోట గట్టున ప్లాస్టిక్ పట్టాలతో గుడిసెలు వేసుకుని, ఏరడం అయ్యేదాకా ఉంటారు. ఆ ముఠాకు పెద్ద దుర్గ. ముప్పై దాటి ఉండవు. ఎవరు ఏ సాలులో దిగాలో ఆమే చెబుతుంది, రైతుతో మాట్లాడేదీ ఆమే. తాగే నీళ్ళకు రోజూ డబ్బాలు పట్టుకుని ఇంటికి వస్తుంది. ఒక రోజు వరండాలో బేసిన్ చూసింది.

"ఏంది మేడం, కోళ్ళకా గివి?"

"ఛ, దేవుడికి. భద్రాచలం రాముడి పెళ్ళికి. గోటితో ఒలవాలి."

"మరి ఒలుస్తలేవు?"

"టైం దొరకటం లేదు దుర్గా."

"టైం లేనోళ్ళకే ఆయన గింత పని చెప్పిండా?" అని దుర్గ నవ్వింది. బేసిన్‌లోంచి ఒక గింజ తీసి, గోరు దించి, బియ్యపు గింజను అరచేతిలో పెట్టి చూపింది. "ఇటియ్యి. మాపటికి పొయ్యి కాడ ఊకెనే కూసుంటం. ఒల్చిస్తం."

రాజ్యశ్రీ ఆగింది. "దీనికి నియమాలు ఉన్నాయి. స్నానం చెయ్యాలి."

"మిర్చిల దిగినోళ్ళు తానం చెయ్యకుంట పంటరా మేడం? ఒళ్ళు మండి సస్తం."

"మాంసం తినకూడదు."

"గదైతే కష్టమే. మా జంపక్క అత్త అలుగుతది. గని దేవుని పని అంటె ఊకుంటది తియ్యి."

"ఎంత ఇవ్వమంటావు?"

దుర్గ ముఖం మారింది. "దేవుని పనికి కూలి తీస్కుంటరా? చాయ్ మాత్రం మంచిగ పెట్టి పంపు. పాలెక్కువ పొయ్యి, మొన్నటి లెక్క నీళ్ళు పొయ్యకు."

బేసిన్ ఎత్తి ఆమె నెత్తిన పెడుతూ, "ఎవరికీ చెప్పకు" అంది రాజ్యశ్రీ.

"ఎందుకు?"

"ఊరికే."

దుర్గ ఆమెవంక చూసింది. "సరే" అని వెళ్ళిపోయింది.

బేసిన్ తిరిగి వచ్చినప్పుడు అందులో బియ్యం, పక్కన ఒక గుడ్డ ముక్కలో నూకలు. రాజ్యశ్రీ చాయ్ పెట్టి ఫ్లాస్కులో పోసి ఇచ్చింది. బియ్యాన్ని పూజగదిలో పెట్టి తలుపు వేసింది.

సభలో ఆమె పత్రం అందరికీ నచ్చింది. సంప్రదాయం పుస్తకాల్లో ఉండదనీ, చేతుల్లో ఉంటుందనీ చెప్పింది. ఈ ప్రాంతపు కథే తీసుకుందాం అంది. భద్రగిరి మీద రాముణ్ణి ముందు చూసింది దమ్మక్క అనే అడవి మనిషి, ఆకులతో పందిరి వేసి పండ్లు పెట్టింది ఆమే అని ఇక్కడివాళ్ళు చెప్పుకుంటారు. మనం శాస్త్రం అని చెప్పుకునేది ఆ ఆకుల పందిరి తరవాత వచ్చింది అంది. చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు. ఒక పత్రికలో జిల్లా పేజీలో ఆమె ఫోటో, ఆ మాటలూ వచ్చాయి. పద్మావతమ్మ ఆ వార్త కొడుకు చేత చదివించుకుంది. "బాగా చెప్పావమ్మా" అంది.

ఆ మర్నాడు అందరి బియ్యం ఒక చోట కలిపే రోజు. పద్మావతమ్మ ఇంటి హాలులో చాపలు పరిచారు. ఎవరి గిన్నె వాళ్ళు తెచ్చారు. పక్కింటి సుభద్రమ్మ వాళ్ళ బియ్యం పోసి, "మా కోడలు గోళ్ళకు రంగులేయించుకుందట, పోతాయంటోంది. నేనొక్కదాన్నే ఒలిచాను" అంది. అందరూ నవ్వారు.

"నా వాటా కూడా నా కోడలే ఒలిచింది" అంది పద్మావతమ్మ. ఆ మాట అనడానికి ఆమె పొద్దుటి నుంచీ ఎదురుచూస్తోంది. రాజ్యశ్రీ బేసిన్ తెచ్చి పెట్టింది. పద్మావతమ్మ వంగి రెండు చేతులా బియ్యం తీసుకుంది. కళ్ళు మూసుకుని, చేతులు రెప్పలకు ఆనించి అదుముకుంది. "రామచంద్రా" అంది. బియ్యాన్ని బేసిన్‌లోకి వదిలి, అవే వేళ్ళతో కళ్ళు తుడుచుకుంది.

ఆ తరవాత కళ్ళు తెరవలేదు. చెంపల మీదుగా నీళ్ళు కారాయి. సుభద్రమ్మ చేతులు జోడించి, "అక్కకు భక్తి పొంగుకొచ్చింది" అంది.

"భక్తి కాదే, నీళ్ళు! నీళ్ళు తెండి!" అని పద్మావతమ్మ అరిచింది.

తలా ఒక దిక్కు పరుగెత్తారు. నీళ్ళు కొట్టారు. పాలలో దూది తడిపి రెప్పల మీద పెట్టారు. సుభద్రమ్మ బేసిన్‌లో వేలు పెట్టి, ఆ వేలు నాలుకకు తాకించుకుంది. ఆగి, మళ్ళీ తాకించుకుంది. "మిరప మంట" అంది. "బియ్యానికి మిరప మంట ఎట్లా వచ్చింది?"

తలుపు దగ్గర కూర్చున్న ఒకామె అంది: "మొన్న మాపు తోట గట్టున ఆ ఏరేవాళ్ళు ఏదో ఒలుస్తుంటే చూశాను. పల్లీలనుకున్నాను."

అందరూ రాజ్యశ్రీ వంక చూశారు. అప్పుడే దుర్గ నీళ్ళ డబ్బాలతో వెనక తలుపులోంచి వచ్చింది. ఇంతమందిని చూసి ఆగిపోయింది.

పద్మావతమ్మ దూది తియ్యకుండానే అడిగింది. "ఎవరది, దుర్గా? ఈ బియ్యం మీరు ముట్టుకున్నారా?"

"అవ్ పెద్దమ్మా, మేమే ఒల్చినం. ఎందుకు, నూకలున్నయా?"

"ఎవరిచ్చారు?"

"మేడమే ఇచ్చింది."

రాజ్యశ్రీకి సభలో కప్పిన శాలువా కుర్చీ మీద కనబడింది. తెల్లారగట్ల లేచి ఒలుస్తున్నానని తను చెప్పిన మాట ఈ గదిలో అందరికీ తెలుసు. అత్తగారు అందరికీ చెప్పింది.

"ఎండబెట్టమని ఇచ్చాను" అంది. "ఒలవమని నేనెందుకంటాను?"

ఆ మాట తన గొంతులోంచే వచ్చింది. దాన్ని వెనక్కి తీసుకోవడానికి ఒక క్షణం టైం ఉంది. ఆ క్షణం కూడా గడిచిపోయింది.

"గట్లనా మేడం?" అంది దుర్గ. చుట్టూ చూసింది. "సరే. గట్లనే కానియ్యి." నీళ్ళు పట్టుకోకుండా ఖాళీ డబ్బాలతోనే వెళ్ళిపోయింది.

"అడక్కుండా దేవుడి సొమ్ములో చెయ్యి పెడతారా?" అంది సుభద్రమ్మ. "వచ్చే ఏడు మా తోటలోకి ఈ ముఠా వద్దని మా ఆయనకు చెప్తాను." ఇంకో ఇద్దరు తలూపారు. రాజ్యశ్రీ పాలలో దూది తడుపుతూ కూర్చుంది.

తోటలో ఏరడం అయిపోయింది. మర్నాడు పొద్దున ముఠా ట్రాలీ ఆటో ఎక్కింది. రాజ్యశ్రీ భర్త మురళీకృష్ణ వాళ్ళను పంపి వచ్చి, "దుర్గ నాతో మాట్లాడలేదేంటి? ఎప్పుడూ వాగుతూనే ఉంటుంది" అన్నాడు. రాజ్యశ్రీ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ బేసిన్ వరండాలో ఒక మూల ఉంది. కోళ్ళు దాని చుట్టూ చేరుతుంటే పద్మావతమ్మ కుర్చీలోంచి లేచి అదిలించింది. ఆమె కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. రాజ్యశ్రీ కాలేజీ నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే పిలిచింది.

"ఎవరు ఒలిచారమ్మా అవి?"

"దుర్గావాళ్ళు."

"నువ్వు ఒలవమనే ఇచ్చావా?"

"ఇచ్చాను."

పద్మావతమ్మ తల ఊపింది. ఆ విషయం ఆమెకు నిన్ననే తెలిసినట్టుంది. "నన్నడిగితే వద్దనేదాన్ని. ఇప్పుడడిగినా వద్దనే అంటాను. మనతో కూర్చుని, మన నియమంలో ఒలిస్తేనే నాకు. అది తప్పంటావా, అను. కానీ ఆ తప్పు నా నోటితో నేనే చెప్తాను, ఇంకొకళ్ళ మీద పెట్టను. నువ్వు ఖమ్మంలో వేరే చెప్పావు. మురళి చదువుతుంటే విన్నాను. నా కోడలి మనసు నాకంటే పెద్దదనుకున్నాను."

రాజ్యశ్రీ నిలబడే ఉంది. తిట్టి ఉంటే సమాధానం దొరికేది.

"ఈ బియ్యం మన మూటల్లో కలపకూడదు" అంది పద్మావతమ్మ. "కోళ్ళకూ వెయ్యకూడదు. దేవుడి పేరు చెప్పి ఒలిచారు. ఒలిచిన వాళ్ళకు ఇచ్చి రా. వ్యాన్ కదిలేలోపు ఇచ్చి రా."

కారు మురళీకృష్ణే నడిపాడు. ఖమ్మం దాటి, ఇల్లెందు దాటేసరికి అతనికి విషయం మొత్తం తెలిసింది. తరవాత అన్నాడు: "మన కాయలో ఘాటు లేదని మార్కెట్లో కొర్రీ పెట్టాడు ఆ వ్యాపారి. అమ్మను తీసుకెళ్ళి చూపించాల్సింది." రాజ్యశ్రీ నవ్వలేదు. అతను కూడా నవ్వలేదు. టేకులపల్లి దాటాక తారురోడ్డు వదిలి అడవిలోకి తిరిగారు.

ఇప్పపువ్వు రాలే రోజులు. చెట్ల కింద ఆకులు ఊడ్చి కాల్చిన నల్లటి మచ్చలు. పల్లెలో ఇళ్ళ ముందు పువ్వు ఎండబోసి ఉంది. దుర్గ చీపురుతో దాన్ని తిరగేస్తోంది. కారు దిగిన మనిషిని చూసి నడుం నిటారు చేసింది.

"ఏంది మేడం, గింత దూరం?"

"నీతో మాట్లాడాలి దుర్గా. లోపలికి వెళ్దామా?"

"లోపలెందుకు? ఆడ అందరి ముంగట కాదన్నవు. ఈడ నా ఒక్కదాని చెవుల చెప్పి పోతవా?"

చుట్టూ ఇళ్ళలోంచి ఆడవాళ్ళు వచ్చారు. మిరపతోటలో రోజూ చూసిన ముఖాలే. దుర్గ అత్త జంపక్క గోడకు ఆనుకుని కూర్చుంది. మురళీకృష్ణ కారు దగ్గరే ఉండిపోయాడు.

రాజ్యశ్రీ బేసిన్ కింద పెట్టింది. అందరికీ వినపడేలా అంది: "ఒలవమని నేనే ఇచ్చాను. ఇవ్వలేదని అబద్ధం చెప్పాను."

"గీ మాటకు కారేసుకొని వచ్చినవా?" అని ఎవరో అన్నారు. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

జంపక్క అడిగింది: "పెద్దమ్మ కండ్లకు నయమేనా?"

"నయమే. ఇంకా ఎర్రగా ఉన్నాయి."

"మేం సబ్బు రుద్ది రుద్ది కడుక్కున్నం బిడ్డా. మిర్చి ఇడుస్తదా? అది మీ మిర్చే." కొంచెం ఆగి అంది: "నేను కోడికూర గూడ ఇడిచిపెట్టిన. ఈమె మాట ఇని."

"ఇంక సాలు తియ్యత్తా, ఊళ్ళున్న కోళ్ళన్నీ బతికినయ్" అంది దుర్గ. అందరూ నవ్వారు. నవ్వు ఆగాక దుర్గ రాజ్యశ్రీ వైపు తిరిగింది. ఆమె నవ్వడం లేదు.

"ఈడ చెప్పినవు, మంచిదే. గని మాకిది ముందుగాలనే ఎర్కే గద. ఎర్క లేనోళ్ళకు చెప్పినవా?"

"మా అత్తయ్యకు చెప్పాను."

"ఆమె ఒక్కతే ఉండెనా ఆడ?"

రాజ్యశ్రీ తల వంచుకుంది.

"నిన్న సుభద్రమ్మ సారు ఫోన్ చేసిండు. వచ్చేయేడు రావొద్దన్నడు. ఆయనెనక ఇంకొకాయన చేసిండు. దేవుని సొమ్ముల చెయ్యిబెట్టెటోళ్ళని పేరు పెట్టిండ్రు మాకు. మా అమ్మ కాలం నుంచి ఆ తోటలల్లకు వస్తున్నం. ఒక కాయ గూడ కొంగుల కట్టుకుని పోలే." దుర్గ గొంతు పెంచలేదు. "నువ్వు గీడికొచ్చి తలకాయ వంచుకుంటె మాకేం వస్తది మేడం?"

"చెప్తాను."

"చెప్తె చెప్పు." వంగి బేసిన్ అందుకుంది. "గివి మేం కూలి తీస్కొని ఒల్వలే. గందుకే ఇవి మావే. మావోళ్ళు నవమికి పోతుండ్రు. మేమే ఇచ్చుకుంటం."

బియ్యాన్ని ఒక చీర ముక్కలో పోసి, ఖాళీ బేసిన్ తిరిగి ఇచ్చింది. కూర్చోమని ఎవరూ అనలేదు. మంచినీళ్ళు మాత్రం జంపక్క ఇచ్చింది.

కారెక్కాక మురళీకృష్ణ అడిగాడు, "అయిపోయిందా?"

"లేదు" అంది రాజ్యశ్రీ.

వ్యాన్ బయల్దేరే రోజు పొద్దున ఆడవాళ్ళంతా పసుపు చీరలు కట్టుకుని, మూటలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ముందు సీట్లో పద్మావతమ్మ, కళ్ళకు నల్ల అద్దాలు. ఆమె పక్కన రాజ్యశ్రీకి చోటు ఉంచింది. వెనక వరసలో అప్పుడే భజన మొదలైంది. డ్రైవర్ ఇంజన్ స్టార్ట్ చేశాడు.

రాజ్యశ్రీ వ్యాన్ ఎక్కింది కానీ కూర్చోలేదు. డ్రైవర్ సీటు వెనక కమ్మీ పట్టుకుని, అందరి వైపు తిరిగి నిలబడింది. ఈ ఆడవాళ్ళలో కొందరి పిల్లలు తన దగ్గరే చదువుకుంటున్నారు. సాయంత్రానికి ఈ మాట ఖమ్మం చేరుతుంది.

"ఆ బియ్యం దుర్గావాళ్ళు అడక్కుండా ముట్టుకోలేదు" అంది. "ఒలవమని నేనే ఇచ్చాను. నేను ఒలవలేదు. ఆ రోజు మీ అందరి ముందూ అబద్ధం చెప్పాను."

ముందు వరసలో సుభద్రమ్మ చేతిలో భజన తాళాలు ఆగాయి. "ఏంటీ?" అంది. వెనక భజన ఇంకా సాగుతోంది.

పద్మావతమ్మ ముందుకే చూస్తూ డ్రైవర్ భుజం తట్టింది. "ఇంజన్ ఆపు నాయనా." అతను ఆపాడు. భజన కూడా ఒక్కొక్క గొంతుగా ఆగింది.

"వెనకవాళ్ళకు వినపడలేదు" అంది పద్మావతమ్మ. "మళ్ళీ చెప్పు."

రాజ్యశ్రీ మొదటి నుంచీ మళ్ళీ చెప్పింది.